పడవకు ముందు తేదీ కొనాలి

మలేషియాలోని లంకావి దీవిలో ఒక పాత తెరచాప పడవ అమ్మకానికి ఉంది. పొడవు 36 అడుగులు, వయసు 35 ఏళ్లు, అడుగుతున్న ధర మన ఊళ్లో ఒక పెద్ద కారు ధరకు అటూ ఇటూ. ఫోటోల్లో తెల్లగా, ఏ పాపం ఎరగనట్టు ఉంటుంది. ఇలాంటి ప్రకటనలు ఫోనులో చూపించి నన్ను సలహా అడిగినవాళ్లు ఈ రెండేళ్లలో విశాఖలోనే నలుగురు. ఓడల ఇంజన్ల దగ్గర పనిచేసి వచ్చినవాణ్ణి, లంకావిలో అలాంటి పడవలు మూడింటిని లోపలా బయటా తడిమి చూసినవాణ్ణి కాబట్టి నా దగ్గరికి వస్తారు. అందరి మొదటి ప్రశ్నా ఒకటే: "బేరమాడితే ఎంతకు వస్తుందండీ?" నా ఎదురు ప్రశ్న కూడా ఒకటే: "ఏ నెలలో తెస్తారు?" పెళ్లిచూపులకు వెళ్లి వచ్చినవాణ్ణి ముహూర్తం ఎప్పుడని అడిగినట్టు కాస్త చిరాకు పడతారు. కానీ ఈ పెళ్లిలో ముహూర్తం ముందు కుదరాలి, సంబంధం తరువాత చూసుకోవాలి.

బంగాళాఖాతం చిన్న పడవకు నమ్మకంగా దారి ఇచ్చేది ఏడాదిలో మూడు నెలలే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల జోరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి చెట్లను ఎలా పెకలించిందో చూసినవారికి ఆ నెలల గురించి విడమరిచి చెప్పనక్కరలేదు. ఏప్రిల్, మే నెలల్లో మళ్లీ తుపాన్ల భయం. మిగిలినవి జనవరి, ఫిబ్రవరి, మార్చి. అప్పుడు వీచేది ఈశాన్యపు గాలి, చాలా రోజులు ఒక మోస్తరుగా, ఒకే దిక్కు నుంచి. లంకావి నుంచి విశాఖకు రావాలంటే పడవ ముక్కు వాయవ్యానికి తిరిగి ఉంటుంది. ఈశాన్యపు గాలి సరిగ్గా కుడి పక్క నుంచి తగులుతుంది. తెరచాప పడవకు ఇంతకన్నా సుఖమైన గాలి లేదు. ఎదురుగాలికి ముక్కు పెట్టి వంకరటింకరగా పాకనక్కరలేదు, వెనక గాలికి అటూ ఇటూ దొర్లనక్కరలేదు. ఒక చెంప మీద వాలి అలా నడుచుకుంటూ వస్తుంది.

ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు. కాకినాడ పక్కన కోరంగిలో ఓడలు కట్టిన కాలంలో మనవాళ్లు ఈ గాలుల లెక్క మీదనే బర్మాకు పోయి వచ్చేవారు. ఆ రేవు పేరు మీదనే బర్మాలో తెలుగువాళ్లను కోరంగీలన్నారు. రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మను శాతవాహనులు నాణేల మీదనే అచ్చు వేయించారు. మనం మరిచిపోయిన లెక్కను మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటున్నాం, అంతే.

దూరం సంగతి. లంకావి నుంచి అండమాన్, నికోబార్ల మధ్య ఉన్న టెన్ డిగ్రీ చానల్ గుండా విశాఖకు దాదాపు 1,200 నాటికల్ మైళ్లు (ఒక నాటికల్ మైలంటే 1.85 కిలోమీటర్లు). 36 అడుగుల పడవ గంటకు 5 నాటికల్ మైళ్లు నడిస్తే రోజుకు 120, అంటే 10 రోజులు. గాలి పడిపోయే రోజులుంటాయి కాబట్టి తిండీ నీళ్లూ 20 రోజులకు ఉండాలి. మధ్యలో ఆగాలనుకుంటే పోర్ట్ బ్లెయిర్ ఉంది, 2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం. అక్కడి నుంచి మనకు సుమారు 650 నాటికల్ మైళ్లు, అయిదారు రోజుల ప్రయాణం. ఆ దారిన వచ్చేవారు నార్త్ సెంటినెల్ దీవికి 5 నాటికల్ మైళ్ల లోపలికి పోకూడదన్నది చట్టం.

ఇప్పుడు వెనక్కి లెక్క వేయండి. మార్చి మధ్యకల్లా విశాఖ చేరాలంటే ఫిబ్రవరిలో లంకావి వదలాలి. దానికి జనవరికల్లా పడవ నీళ్లలో ఉండి, ఆ చుట్టుపక్కల రెండు మూడు వారాలు నడిపి చూసి ఉండాలి. అలా ఉండాలంటే అక్టోబరులో గట్టు మీదికి ఎక్కించి మరమ్మతులు మొదలుపెట్టాలి. కాబట్టి పడవ చూడటానికి వెళ్లవలసింది సెప్టెంబరులో. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో లంకావిలో వానలు దంచుతాయి. కొనేవాడికి అదొక వరం. ఎండలో మెరిసే పడవను చూసి మోసపోని మనిషి లేడు. వాన కురుస్తుండగా లోపల కూర్చుంటే ఏ కిటికీ కారుతోందో, ఏ మేకు పక్క నుంచి చుక్క జారుతోందో అమ్మేవాడు దాచలేడు. జనవరిలో నచ్చి ఫిబ్రవరిలో డబ్బు కట్టినవాడు మాత్రం చెక్క మీద కొత్త రంగు ఆరకముందే ఏప్రిల్ తుపాన్ల ముందు నిలబడతాడు, లేదా పది నెలలు రేవు అద్దె కడతాడు. మా నలుగురిలో ఒకరికి రెండోది జరిగింది.

అసలు అక్కడే ఇన్ని పడవలు ఎందుకు అమ్ముడుపోతాయి? లంకావి సుంకాలు లేని దీవి. పసిఫిక్ దాటి, ఆస్ట్రేలియా, ఇండోనేషియాల మీదుగా వచ్చినవారికి హిందూ మహాసముద్రం ముందు అది చివరి మజిలీ లాంటిది. అక్కడి నుంచి యూరప్ పోవాలంటే ఎర్ర సముద్రం. 2023 చివరి నుంచి ఆ దారిలో ఓడల మీద దాడులు మొదలయ్యాయి. లేదంటే దక్షిణాఫ్రికా చుట్టూ తిరిగి పోవాలి, డెబ్బై ఏళ్ల జంటకు అది చిన్న మాట కాదు. మోకాళ్లు నొప్పెడతాయి, మనవడు పుడతాడు, పడవ గట్టు మీద ఉండిపోతుంది. యజమాని విమానమెక్కి ఇంటికి పోతాడు. మంచి పడవే, కానీ మూడు నాలుగేళ్లు ఎండలో ఎండి వానలో నాని ఉంటుంది. మీరు కొనేది ఆ నాలుగేళ్లను కూడా.

అందరూ తడబడేది కాగితాల దగ్గర. కారు కొనేటప్పుడు ఆర్‌సీ ఒకటి చేతికొస్తే చాలు. పడవ విషయంలో మనకు ఒక్కటిగా కనిపించేవి నిజానికి మూడు వేర్వేరు ముళ్లు: పడవ ఎవరిది, ఏ దేశపు జెండా కింద ఉంది, ఏ దేశంలో పన్ను కట్టింది. ఒక ముడి విప్పితే మిగతావి వాటంతట అవే విడిపోవు.

ఉదాహరణకు పడవ వెనక బ్రిటన్ జెండా ఎగురుతోంది అనుకుందాం. అమ్మేవాడు ఒక రిజిస్ట్రేషన్ పత్రం చూపిస్తాడు. బ్రిటన్‌లో చిన్న పడవల కోసం ఒక రిజిస్టరు, పెద్ద హంగులతో మొదటి భాగం అనే మరో రిజిస్టరు ఉన్నాయి. చిన్న పడవల రిజిస్టరులోని పత్రం యాజమాన్యానికి రుజువు కాదు, పడవ మీద అప్పు ఉంటే అందులో నమోదు కాదు. అందుకని ఆ కాగితాన్ని చూసి తృప్తి పడకుండా, కట్టినవాడి దగ్గర నుంచి ఇప్పటి యజమాని దాకా వరసగా అమ్మకపు పత్రాలు అడగాలి. మధ్యలో ఒక్క పత్రం లేకపోయినా తాత ఆస్తి పంపకంలో ఒక వారసుడి సంతకం లేనట్టే. పైగా ఆ చిన్న రిజిస్టరు బ్రిటన్‌లో నివసించేవారికి మాత్రమే. విశాఖవాసి కొన్న క్షణాన ఆ జెండా ఎగరేసే హక్కు పోతుంది. అమెరికా తీరరక్షక దళం ఇచ్చే పత్రం కూడా అంతే, అమెరికా పౌరులకే. జెండా లేని పడవ నడిసముద్రంలో ఏ దేశానికీ చెందనిది. రేవులో అనుమతి పత్రం దొరకదు, బీమా దొరకదు. రేడియో గుర్తింపు సంఖ్య కూడా జెండా ఇచ్చిన దేశం నుంచే వస్తుంది. కాబట్టి డబ్బు చేతులు మారకముందే కొత్త జెండా ఎవరిదో తేలాలి. పాత రిజిస్టరు నుంచి పేరు తీసేసినట్టు పత్రం అమ్మేవాడే తెచ్చివ్వాలని ఒప్పందంలో రాయించాలి.

డబ్బు పంపడం తేలికే, కాస్త గిచ్చుతుందంతే. రిజర్వ్ బ్యాంకు సరళీకృత పథకం కింద ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో 2.5 లక్షల డాలర్ల దాకా విదేశాలకు పంపవచ్చు. ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం పన్నును ముందుగానే పట్టుకుంటుంది. ఆదాయపు పన్ను లెక్కలో అది సర్దుబాటవుతుంది. అప్పటిదాకా మాత్రం ఆ డబ్బు మీ చేతిలో ఉండదు, మరమ్మతుల నెలల్లో సరిగ్గా ఆ డబ్బే గుర్తొస్తుంది.

ఇక పడవను భారత్‌కు తెచ్చి ఉంచుకోవడం. యాత్రికుడిలా విదేశీ జెండాతో వచ్చి వెళ్లడం ఒక సంగతి, తెచ్చి ఇక్కడే పెట్టుకోవడం వేరే సంగతి. రెండోది దిగుమతి. విహార పడవల మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. అది పడవ ధర మీద ఒక్కటే పడదు, ధరకు కస్టమ్స్ సుంకం కలిపిన మొత్తం మీద పడుతుంది. అంటే పన్ను మీద కూడా పన్ను. కొన్న ధరకు పైన సగానికి మించి సమర్పించుకోవాలి. అంతేకాక వాడిన వస్తువులు, యంత్రసామగ్రి కోవలోకి రానివి, దిగుమతి చేసుకోవాలంటే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ అనుమతి ముందుగా ఉండాలి. విశాఖ రేవు పక్కనున్న డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించాక గుర్తొచ్చే సంగతి కాదిది. లంకావికి టికెట్టు కొనకముందే కస్టమ్స్ ఏజెంటు దగ్గర ఒక గంట కూర్చోవడం మంచిది.

పడవ ఒంటి సంగతి చెప్పడం నాకు ఇష్టమైన పని, ఇక్కడ కొంచెం ఎక్కువ చెబితే ఓర్చుకోండి.

ఆనవాయితీ ప్రకారం ధర ఒప్పుకుని, అందులో 10 శాతం మధ్యవర్తి ఖాతాలో పెట్టి, ఆపైన మన ఖర్చుతో పడవను గట్టెక్కించి సర్వేయర్‌తో పరీక్ష చేయిస్తాం. ఈయన పొలం కొలిచే సర్వేయర్ కాదు, పడవల వైద్యుడు. అమ్మేవాడు సూచించిన మనిషిని వద్దనండి. నేను చూసిన రెండో పడవకు ఏజెంటే ఒక సర్వేయర్‌ను చూపించాడు. నివేదిక నలభై పేజీలు, ఫోటోలతో సహా. నేను చేసిందల్లా ఒక చిన్న ప్లాస్టిక్ సుత్తితో డెక్కు మీద అంగుళం అంగుళం కొట్టుకుంటూ పోవడం. కుండ కొనేటప్పుడు మా అమ్మమ్మ వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గేది, అదే విద్య. ముందు భాగమంతా టక్ టక్ అని బిగువుగా పలికింది. తెరచాప కొయ్య దగ్గరికి రాగానే దబ్ అని మెత్తగా, తడిసిన అట్టపెట్టె మీద కొట్టినట్టు. డెక్కు పైనా కిందా ఫైబరే, మధ్యలో బాల్సా అనే తేలికపాటి కలప. ఎప్పుడో బిగించిన మేకు పక్క నుంచి నీరు దిగి ఆ కలప పేలాల పిండిలా అయింది. నలభై పేజీల్లో ఆ ముక్క లేదు.

అక్కడే ఇంకొకటి. తెరచాప కొయ్యను నిలబెట్టే ఉక్కు తీగలను పడవ ఒంటికి పట్టి ఉంచే పట్టీలుంటాయి, చైన్‌ప్లేట్లంటారు. పైన అద్దంలా మెరుస్తాయి. తుప్పు పట్టని ఉక్కు మెరవడానికి కారణం దాని మీద ఉండే సన్నని పొర, ఆ పొర నిలవాలంటే గాలిలోని ఆక్సిజన్ తగులుతూ ఉండాలి. డెక్కు గుండా కిందికి దిగిన చోట, తడి కలప మధ్య, ఉప్పునీరు ఉంటుంది గాని గాలి ఉండదు. అక్కడ ఉక్కు లోలోపల గుంటలు పడి చీలుతుంది. ఒకదాన్ని విప్పించి చూశాను. పైన కనిపించే మూడంగుళాలు పెళ్లికూతురి వెండి పళ్లెం, లోపలి రెండంగుళాలు చెదపురుగు తిన్న గుమ్మం. గాలి పెరిగిన రాత్రి తెగేది అక్కడే. ఉక్కు తీగలను పది పదిహేనేళ్లకు మార్చాలని బీమావాళ్లు పట్టుబట్టడం ఊరికే కాదు. తీగలు మార్చి ఈ పట్టీలను వదిలేసినవారిని మాత్రం చాలామందిని చూశాను.

కింద చూడవలసినవి మరికొన్ని. నీటి గీతకు దిగువన ఫైబర్ మీద పొక్కులుంటే ఒకదాన్ని చిదిమించి వాసన చూడండి. పుల్లగా వినిగర్ వాసన వస్తే నీరు పొరల్లోకి దిగి రసాయనిక మార్పు మొదలైందన్నమాట. పది పొక్కులు భయపడవలసినవి కావు, వెయ్యి అయితే ధరలో చూసుకోవాలి. అడుగున నీళ్లు వచ్చిపోయే రంధ్రాలకు బిగించిన కవాటాలను గీకి చూడాలి. కంచు పసుపుపచ్చగా ఉంటుంది. ఇత్తడి అయితే ఉప్పునీటిలో జింకు కరిగిపోయి గులాబి రంగులో, బిస్కెట్టులా మిగులుతుంది, గట్టిగా తిప్పితే చేతికే వస్తుంది. పడవ కింద బరువుగా వేలాడే కీల్‌ను ఒంటికి కలిపే బోల్టుల దగ్గర సన్నని గీత, తుప్పు చార ఉంటే చర్చ లేదు, అక్కడి నుంచి వచ్చేయండి. 2014 మేలో అట్లాంటిక్‌లో చీకీ రఫీకి అనే పడవకు కీల్ ఊడిపోయి నలుగురూ పోయారు.

ఇంజనుకు ఒకటే సూత్రం: మీరు వెళ్లేసరికి అది చల్లగా ఉండాలి. ముందే వేడి చేసి ఉంచారంటే చల్లగా ఉన్నప్పుడు లేవడానికి మొరాయిస్తోందని అనుమానించాలి. నల్లపొగ అయితే డీజిలు సరిగా కాలడం లేదు, నీలిపొగ అయితే ఆయిలు కాలుతోంది, తెల్లపొగ ఆగకపోతే నీరు లోపలికి పోతోంది.

కొన్నాక సిద్ధం చేయడంలో మనవాళ్లు చేసే తప్పు, కనిపించేవి ముందు కొనడం. కొత్త పరుపులు, పెద్ద తెర, సౌర ఫలకాలు. నా వరస వేరు. నీరు లోపలికి రాకూడదు, కొయ్య పడిపోకూడదు, చుక్కాని ఊడకూడదు, మనిషి నీళ్లలో పడకూడదు, నిప్పు అంటుకోకూడదు. ఈ అయిదూ అయ్యాక మిగిలిన డబ్బుతో పరుపులు. మిగలదు, ముందే చెబుతున్నాను.

నిప్పు గురించి విశాఖకు ఒకరు చెప్పాలా? 2023 నవంబరులో ఒక్క రాత్రిలో ఫిషింగ్ హార్బర్‌లో ముప్పైకి పైగా బోట్లు తగలబడ్డాయి. వంటగ్యాసు గాలి కన్నా బరువు. ఇంట్లో లీకైతే తలుపు తీస్తే పోతుంది. పడవలో పోవడానికి దారి లేదు, కిందికి జారి అడుగు గుంటలో చేరి ఇంజను స్విచ్చి వేసేదాకా కాచుకుని కూర్చుంటుంది. సిలిండరు పెట్టే అరలోంచి బయటికి, నీటి గీతకు పైన, ఒక రంధ్రం ఉండి తీరాలి. వంట అయ్యాక గ్యాసును సిలిండరు దగ్గరే మూసేయాలి. ఇక వంటపాత్రల్లో మన ప్రెషర్ కుక్కర్‌ను మించింది సముద్రంలో లేదు. మూత బిగిసి ఉంటుంది కాబట్టి పడవ పక్కకు ఒరిగినా పప్పు ఒలకదు, గ్యాసు, నీళ్లు సగం చాలు. అటుకులు, కందిపొడి, ఆవకాయ పెట్టుకున్నవాడికి ఫ్రిజ్ పాడైందన్న బెంగ ఉండదు. ముగ్గురు మనుషులకు రోజుకు తలా 4 లీటర్ల చొప్పున 20 రోజులకు 240 లీటర్ల మంచినీళ్లు, అవి రెండు వేర్వేరు ట్యాంకుల్లో. ఒకటి కలుషితమైతే రెండోది ఉండాలి.

ఆపదలో ఉపగ్రహానికి కేక వేసే 406 మెగాహెర్ట్జ్ పరికరం పాత పడవతో పాటే వస్తుంది. సంతోషించకండి. అందులో పాత జెండా సంకేతం, పాత యజమాని వివరాలు ఉంటాయి. మార్పించకపోతే మీరు బంగాళాఖాతంలో మునుగుతుంటే ఫోను ఇంగ్లండులో ఆయన వంటింట్లో మోగుతుంది. దానికి తోడు ఒక చట్టం చిక్కు. విదేశీ పడవల్లో సర్వసాధారణమైన ఇరిడియం, తురాయా ఉపగ్రహ ఫోన్లను అనుమతి లేకుండా భారత జలాల్లో వాడటం నేరం. చేతిలో పట్టేంత ఉపగ్రహ సందేశ యంత్రాలతో విమానాశ్రయాల్లో చిక్కుకున్నవారున్నారు. భద్రత కోసం కొన్న వస్తువే పోలీసుల ముందు నిలబెడుతుంది, అందుకని అది ఉన్న పడవతో వస్తుంటే అనుమతి సంగతి ముందే తేల్చుకోవాలి, లేదా దాన్ని అక్కడే వదిలి రావాలి.

ఇంత చదివాక నిరుత్సాహపరుస్తున్నానని అనుకోవద్దు. 2017 సెప్టెంబరులో బయలుదేరి 254 రోజుల్లో తారిణి మీద భూమిని చుట్టి వచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళా అధికారుల్లో పి. స్వాతి మన విశాఖవారే. ఈ ఊరికి సముద్రం కొత్త కాదు, ధైర్యానికి కొదవ లేదు. తారిణి మాత్రం గోవాలో కొత్తగా కట్టిన పడవ, వెనక నౌకాదళం ఉంది. మన వెనక ఉండేది బ్యాంకు పాసుపుస్తకం.

చివరి మైళ్లు కూడా తేలిక కావు. ఫిబ్రవరి నుంచి తీరం వెంబడి ప్రవాహం ఉత్తరానికి లాగుతుంది, అందుకని ముక్కును కాస్త దక్షిణానికి పెట్టి రావాలి, లేకపోతే విశాఖ అనుకున్నది భీమిలి అవుతుంది. రాత్రిపూట దీపం లేని పడవలు, తేలే వలలు. పెద్ద ఓడల దారి, పక్కనే నౌకాదళ స్థావరం. తెల్లవారాకే దగ్గరకు రావడం మేలు. వచ్చాక ఎక్కడ కట్టాలి? కొచ్చిలో బోల్గాట్టి దగ్గర విహార పడవల కోసం మెరీనా ఉంది. విశాఖలో అలాంటిది లేదు. ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లకే చోటు చాలదు. అక్కడి పెద్దాయన ఒకరికి ఈ పడవల ఫోటో చూపిస్తే చాలాసేపు చూసి, "బాగుంది బాబూ, దీన్ని కట్టేది ఎక్కడ?" అన్నారు. అందుకే నలుగురిలో ఇద్దరికి నేను చెప్పింది, పడవను లంకావిలోనే ఉంచుకుని ఏటా జనవరిలో సింగపూరు మీదుగా విమానంలో వెళ్లి మూడు నెలలు తిరిగి రమ్మని. దిగుమతి సుంకం లేదు, కట్టే చోటు బెంగ లేదు. ఒకరు ఒప్పుకున్నారు. రెండోవారికి మాత్రం పడవ డాల్ఫిన్స్ నోస్ ముందు కనిపించకపోతే అది తనది అనిపించదట. ఆయన మొన్న ఫోన్ చేశారు. సెప్టెంబరు 10కి టికెట్టు కొన్నారు, సంచిలో ప్లాస్టిక్ సుత్తి, టార్చిలైటు పెట్టుకున్నారు. ఏ పడవ చూడబోతున్నారని అడిగితే, "ఇంకా అనుకోలేదండీ" అన్నారు.